పెద్ద పిల్లలతో కరీబియన్ ట్రిప్: ఏ దీవి ఎవరికి సరిపోతుంది

ఇంట్లో పిల్లలు పదమూడు దాటాక బీచ్ వెకేషన్ లెక్క పూర్తిగా మారిపోతుంది. చిన్నప్పుడైతే ఇసుక, బకెట్టు, హోటల్ పూల్ ఉంటే చాలు. తాము ఏ దేశంలో ఉన్నారో కూడా వాళ్ళకు పట్టదు. ఇప్పుడు రెండో రోజు మధ్యాహ్నానికే మొహం ముడుచుకుని వై-ఫై పాస్‌వర్డ్ అడుగుతారు. అయినా మనలో చాలామంది పదేళ్ళ కిందటి పద్ధతిలోనే బుక్ చేస్తాం: మంచి రిసార్ట్, మంచి రేటింగు, రేటు ఎంత. అది ఏ దీవిలో ఉందన్నది ఆఖర్న చూస్తాం. టీనేజ్ పిల్లలతో ఈ వరస తిరగెయ్యాలి. ముందు దీవి తేల్చుకోవాలి, హోటల్ తర్వాత.

ఇది ముఖ్యంగా అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల కోసం రాస్తున్నాను. న్యూజెర్సీ నుంచైనా అట్లాంటా నుంచైనా నాలుగైదు గంటల్లో చేరిపోయే చోట్లు ఇవి. హైదరాబాద్ నుంచి నేరుగా కరీబియన్‌కే బయల్దేరేవాళ్ళకు దూరం, ఖర్చు, దారిలో మారే దేశాల వీసాలు, అన్నీ వేరే లెక్క.

ముందు పాస్‌పోర్టులు బయటికి తీయండి

మన ఇళ్ళలో కాగితాలు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. నాన్న హెచ్-1బి (ఉద్యోగ వీసా) ఎక్స్‌టెన్షన్ అయింది, దాని ఆమోద పత్రం ఐ-797 చేతిలో ఉంది, పాస్‌పోర్టులో వీసా స్టాంపు మాత్రం ఎప్పుడో గడువు దాటింది. అమ్మ, పెద్దబ్బాయి ఆయన మీద ఆధారపడ్డవాళ్ళుగా హెచ్-4. చిన్నది ఇక్కడే పుట్టింది కాబట్టి అమెరికా పాస్‌పోర్టు. ఇలాంటి కుటుంబానికి బీచ్ ఎంత నీలంగా ఉందన్నది రెండో ప్రశ్న. వెనక్కి రాగలమా అన్నది మొదటిది.

స్టాంపు గడువు దాటిపోయి ఉంటే మీకు మిగిలేవి ప్యూర్టోరికో, యు.ఎస్. వర్జిన్ ఐలాండ్స్. రెండూ అమెరికా భూభాగాలే. ప్యూర్టోరికోకు డొమెస్టిక్ విమానంలో వెళ్ళి డొమెస్టిక్ విమానంలో వస్తారు, దేశం దాటినట్టు కాదు. వర్జిన్ ఐలాండ్స్‌కు వెళ్ళేటప్పుడు అంతే. వచ్చేటప్పుడు మాత్రం అక్కడి ఎయిర్‌పోర్టులోనే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ళు అందర్నీ చూసి పంపుతారు, ఎందుకంటే ఆ దీవులు అమెరికా కస్టమ్స్ పరిధికి బయట ఉన్నాయి. ఈ రెండింటిలో ఎక్కడికి వెళ్ళినా పౌరసత్వం లేనివాళ్ళు పాస్‌పోర్టు, ఐ-797, అమెరికాలోకి వచ్చిన రికార్డు అయిన ఐ-94 ప్రింటు, గ్రీన్‌కార్డు ఉంటే అది వెంట పెట్టుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే జేబులో వేసుకుని బయల్దేరకండి.

"స్టాంపింగ్ లేకపోయినా ముప్పై రోజుల్లోపు వచ్చేస్తే పర్వాలేదట కదా" అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతుంటుంది. ఆ నియమం పేరు ఆటోమేటిక్ రీవాలిడేషన్. నిజమే, ఉంది. హెచ్-1బి, హెచ్-4 వాళ్ళకు అది కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. కరీబియన్ దీవులకు కూడా అది వర్తించేది ఎఫ్-1 (చదువు), జె-1 (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్ళకు మాత్రమే, అందులోనూ క్యూబాకు వర్తించదు. అంటే కాలేజీలో ఎఫ్-1 మీద ఉన్న కొడుకు జమైకా వెళ్ళి తిరిగి రాగలిగినా, హెచ్-1బి తండ్రి రాలేకపోవచ్చు. క్రూజ్‌కూ ఇదే లెక్క. ఓడ మయామీలో ఎక్కి మయామీలోనే దిగుతాం కదా అనుకుంటారు. మధ్యలో బహామాస్‌లో ఆగితే దేశం దాటినట్టే.

ఇందులో ఇంకో ఉచ్చు వర్జిన్ ఐలాండ్స్‌లో ఉంది. సెయింట్ జాన్ నుంచి పక్కనే కనిపించే బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌కు డే ట్రిప్ పడవలు వెళ్తాయి. వర్జిన్ గోర్డాలో పెద్ద పెద్ద బండల మధ్య నీటి గుహలు, చాలా బావుంటాయి, పిల్లలు ఫోటోలు చూసి పట్టుబడతారు. అది వేరే దేశం. స్టాంపు లేనివాళ్ళు ఆ పడవ ఎక్కకూడదు.

స్టాంపు ఉన్నవాళ్ళకు, గ్రీన్‌కార్డు వాళ్ళకు దారులన్నీ తెరుచుకున్నట్టే. అరూబా, డొమినికన్ రిపబ్లిక్ లాంటివి చెల్లుబాటయ్యే అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉన్న భారతీయుల్ని వేరే వీసా లేకుండా రానిస్తాయి. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్‌లకు ఇండియన్ పాస్‌పోర్టు మీదే ముందస్తు వీసా అక్కర్లేదు. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున ఆ దేశపు అధికారిక సైటులో మరోసారి చూసుకోండి.

పెద్ద పిల్లల విషయంలో ఇంకో చిన్న సంగతి. పదహారేళ్ళ లోపు తీసుకున్న అమెరికా పాస్‌పోర్టు అయిదేళ్ళకే అయిపోతుంది. పన్నెండేళ్ళప్పుడు ఇండియా వెళ్ళడానికి తీసినది ఇప్పుడు చచ్చి సొరుగులో పడి ఉంటుంది. ప్యూర్టోరికోకైతే అదీ అవసరం లేదు. పద్దెనిమిది నిండని పిల్లలకు డొమెస్టిక్ ప్రయాణంలో ఐడీ అడగరు. నిండినవాళ్ళకు 2025 మే 7 నుంచి రియల్ ఐడీ (కేంద్ర నిబంధనలకు సరిపోయే) లైసెన్సు గానీ పాస్‌పోర్టు గానీ కావాలి.

ప్యూర్టోరికో: మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా ఓటు దీనికే

కాగితాల సుఖం పక్కన పెట్టినా దీనికే వేస్తాను. ఒక్క దీవిలో ఊరు, కోట, అడవి, సముద్రం నాలుగూ ఉన్నాయి. టీనేజ్ పిల్లలకు కావాల్సింది ఆ మార్పే. ఇవాళ చేసింది రేపు చెయ్యమంటే ఒప్పుకోరు.

ఓల్డ్ సాన్ హువాన్‌లో ఎల్ మొర్రో, సాన్ క్రిస్టోబాల్ అని రెండు పాత స్పానిష్ కోటలున్నాయి. ఎల్ మొర్రో కట్టడం 1539లో మొదలైంది. 1983 నుంచి ఇవి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. కోట అంటే పిల్లలు మూతి విరుస్తారు గానీ, ఎల్ మొర్రో ముందున్న పెద్ద పచ్చిక మైదానంలో సాయంత్రం గాలిపటాలు ఎగరేస్తారు. అక్కడికి తీసుకెళ్ళి వదిలేస్తే వాళ్ళే లోపలికి వెళ్ళొస్తారు. ఊరు చిన్నది, రాళ్ళు పరిచిన వీధులు, ఐస్‌క్రీమ్ షాపులు. పదిహేనేళ్ళ పిల్లల్ని పగటిపూట రెండు గంటలు తమంతట తిరిగి రమ్మనొచ్చు. ఈ వయసులో వాళ్ళకు గుర్తుండిపోయేవి ఆ రెండు గంటలే.

ఎల్ యుంకే అమెరికా జాతీయ అడవుల్లో ఉన్న ఒకే ఒక్క ఉష్ణమండల వర్షారణ్యం. సాన్ హువాన్ నుంచి కారులో గంట లోపు. వాన పడుతూనే ఉంటుంది, బూట్లు తడిసిపోతాయి, మారు జత పెట్టుకోండి. జిప్‌లైన్ పిచ్చి ఉన్న పిల్లలుంటే కొండల్లో ఒరోకోవిస్ అనే ఊళ్ళో టోరో వెర్డే పార్కు ఉంది. అక్కడి ఒక తీగ పొడవు దాదాపు రెండున్నర కిలోమీటర్లు. నేను కిందే నిలబడి వీడియో తీసే రకం.

అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ రాత్రిపూట వెలిగే నీళ్ళు. ఒక రకం సూక్ష్మజీవులు నీరు కదిలినప్పుడల్లా నీలంగా మెరుస్తాయి. తెడ్డు వేస్తే తెడ్డు చుట్టూ వెలుగు, చేప పరిగెడితే గీత. ప్యూర్టోరికోలో ఇలాంటివి మూడు చోట్ల ఉన్నాయి: వియెకెస్ దీవిలో మస్కీటో బే, ఫహార్డో దగ్గర లగూనా గ్రాండే, నైరుతి మూల లా పర్గెరా. వీటిలో బాగా వెలిగేది మస్కీటో బే. కానీ అక్కడికి సేయిబా రేవు నుంచి ఫెర్రీ ఎక్కాలి, ఒక రాత్రి అక్కడే ఉండాలి. కుదరని వాళ్ళకు ఫహార్డో చాలు, మడ చెట్ల మధ్య చీకట్లో కయాక్ నడపడమే సగం మజా. ఈ రెండు చోట్లా నీళ్ళలో దిగనివ్వరు. దిగి ఈదాల్సిందే అనుకుంటే లా పర్గెరా. టూరు బుక్ చేసే ముందు పంచాంగం చూడండి, ఊరికే అనడం లేదు. పున్నమి దగ్గర్లో వెళ్తే వెన్నెల్లో ఏమీ కనిపించక పిల్లలు తిట్టుకుంటారు. అమావాస్యకు అటూ ఇటూ రోజులు మంచివి. మనం పెళ్ళికి పనికిరాదనే రోజు దీనికి దివ్యంగా పనికొస్తుంది.

ఇక లోపాలు. ఉత్తర తీరంలో, అంటే సాన్ హువాన్ హోటళ్ళ ముందున్న సముద్రం చాలా చోట్ల ప్రమాదకరం. శీతాకాలంలో అలలు పెద్దవి, రిప్ కరెంట్లు లోపలికి లాగేస్తాయి, లైఫ్‌గార్డులు అన్ని చోట్లా ఉండరు. మన పిల్లలు వైఎంసిఏ పూల్‌లో నేర్చుకున్న ఈతగాళ్ళు. పూల్ వేరు, సముద్రం వేరు. ఈతకైతే కులేబ్రా దీవిలోని ఫ్లామెంకో బీచ్, లుకియో బీచ్ లాంటి చోట్లకు వెళ్ళండి. కరెంటు కోతలు కూడా ఉంటాయి. 2017లో మరియా తుఫాను తర్వాత అక్కడి విద్యుత్ వ్యవస్థ మళ్ళీ పూర్తిగా కుదురుకోలేదు. అద్దె ఇల్లు తీసుకుంటే జనరేటర్ ఉందా అని అడగడం అక్కడ మామూలే. మనకు ఇది కొత్తేమీ కాదు, అమెరికాలో పుట్టిన పిల్లలకే వింత.

కారు అద్దెకు తీసుకోవాలి. కుడివైపే నడపాలి, మన లైసెన్సు చెల్లుతుంది. దూరాల బోర్డులు కిలోమీటర్లలో, వేగ పరిమితి మైళ్ళలో ఉంటాయి. ఎందుకలా అని అడగకండి.

శాకాహారులకు ఇక్కడ కాస్త జాగ్రత్త కావాలి. అన్నం, రాజ్మా లాంటి చిక్కుళ్ళు ప్రతి హోటల్లో దొరుకుతాయి, చూడ్డానికి మన భోజనంలాగే ఉంటుంది. ఆ చిక్కుళ్ళలో తరచూ పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు. అరటికాయను వేయించి వెల్లుల్లితో దంచి చేసే మొఫోంగోలోనూ పంది తోలు వేపుడు కలుపుతారు. మాంసం వద్దు అని మాత్రమే చెబితే సరిపోదు, పంది, హామ్, చికెన్ రసం అని విడివిడిగా పేరు పెట్టి వద్దనాలి. అడిగితే కూరగాయలతో మొఫోంగో చేసిస్తారు. తోస్తోనెస్ అనే అరటికాయ వేపుడు బిళ్ళలు ఎక్కడైనా దొరుకుతాయి, ఊరగాయ పెట్టుకుని తింటే మరీ బావుంటాయి. ఊరగాయ సీసా చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో వ్యవసాయ శాఖ వాళ్ళు సామాన్లు స్కాన్ చేస్తారు, పళ్ళు, మొక్కలు తీసేయిస్తారు.

సెయింట్ జాన్: పిల్లలకు నిజంగా ఈత వస్తేనే

యు.ఎస్. వర్జిన్ ఐలాండ్స్‌లో మూడు పెద్ద దీవులు. ఎయిర్‌పోర్టు ఉన్న సెయింట్ థామస్‌లో రద్దీ, క్రూజ్ ఓడలు, నగల కొట్లు. అక్కడ రెడ్ హుక్‌లో ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాల్లో సెయింట్ జాన్. వీలైతే అక్కడే ఉండాలి. ఈ దీవిలో సగానికి పైగా నేషనల్ పార్కే, అందుకే పెద్ద పెద్ద హోటళ్ళు కనిపించవు.

స్నోర్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీస్తూ నీటి అడుగు చూడటం) కోసమే వెళ్ళే పక్షంలో ఈ వ్యాసంలోని దీవులన్నిటిలోకీ ఇదే నయం, ఎందుకంటే పడవ ఎక్కనక్కర్లేదు. ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్ళలోకి దిగితే మాహో బేలో తాబేళ్ళు గడ్డి మేస్తుంటాయి. ట్రంక్ బేలో నీటి అడుగున బోర్డులు పెట్టిన స్నోర్కెల్ దారి ఉంది, చదువుకుంటూ ఈదొచ్చు. రీఫ్ బే ట్రెయిల్‌లో నడిస్తే అడవి మధ్య రాతి మీద తైనో ఆదివాసులు చెక్కిన బొమ్మలు, ఇంకా కిందికి వెళ్తే పాడుబడ్డ చక్కెర మిల్లు. 1733లో ఇక్కడి బానిసలు తిరగబడి నెలల తరబడి దీవిని తమ చేతుల్లో ఉంచుకున్నారు. 1917లో అమెరికా ఈ దీవుల్ని డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్లకు కొన్నది. హైస్కూల్లో ఏపీ హిస్టరీ చదివే పిల్లలకు ఇవి చెప్పి తీసుకెళ్తే దీవిలోని అనాబర్గ్ చక్కెర తోట శిథిలాలు ఉత్త రాళ్ళలా కనిపించవు.

ఈత రాని పిల్లలతో, నీళ్ళంటే భయపడే అమ్మానాన్నలతో వెళ్తే ఇదే దీవి మూడో రోజుకు బోర్ కొడుతుంది. సాయంత్రం ఎనిమిది తర్వాత క్రూజ్ బేలో తప్ప ఎక్కడా సందడి ఉండదు. కిరాణా సరుకుల ధరలు చూస్తే గుండె ఝల్లుమంటుంది, అంతా ఓడలో రావాల్సిందే కదా. వంటగది ఉన్న విల్లా తీసుకుని బియ్యం, పప్పు, పోపుల డబ్బా ఇంటి నుంచే తీసుకెళ్ళడం తెలివైన పని. వాహనాలు ఎడమవైపు నడపాలి, కార్లు మాత్రం అమెరికా కార్లే, స్టీరింగ్ ఎడమ పక్కనే ఉంటుంది. ఇండియాలో నడిపిన అలవాటు ఇక్కడ సగమే అక్కరకొస్తుంది. కొండ మలుపుల్లో అడవి గాడిదలు అడ్డం నిలబడతాయి కూడా.

సన్‌స్క్రీన్ కొనేముందు సీసా వెనక చూడండి. పగడపు దిబ్బలకు హాని అని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని 2020 నుంచి ఇక్కడ నిషేధించారు. జింక్ ఆక్సైడ్ రకం తీసుకోండి. మొహం తెల్లగా పూసినట్టు అవుతుందని అమ్మాయిలు గొణుగుతారు. ఫుల్ చేతుల రాష్ గార్డు (ఈత చొక్కా) వేసుకుంటే ఆ గొడవ సగం తీరుతుంది.

అరూబా: నాన్నమ్మ, తాతయ్యలు కూడా వస్తుంటే

అరూబా వెనెజులా తీరానికి ముప్పై కిలోమీటర్ల లోపే ఉంది. తుఫానులు సాధారణంగా నడిచే దారికి దక్షిణాన ఉండటంతో ఆగస్టు, సెప్టెంబరుల్లో కూడా టెన్షన్ తక్కువ. వాన పడేదే తక్కువ. దీవి లోపలికి వెళ్తే నాగజెముళ్ళు, రాళ్ళ గుట్టలు, మేకలు. రాయలసీమను తెచ్చి సముద్రం మధ్యలో పెట్టినట్టుంటుంది. పచ్చదనం, జలపాతాలు ఊహించుకుని వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు, ముందే చెబుతున్నాను.

ఈగిల్ బీచ్, పామ్ బీచ్ ఉన్న పడమటి వైపు నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, పెద్దవాళ్ళు కూడా మోకాలి లోతు వరకు భయం లేకుండా నడవొచ్చు. గాలి మాత్రం ఆగదు. అదే పిల్లలకు వరం: విండ్‌సర్ఫింగ్, కైట్‌సర్ఫింగ్ నేర్పే చోట్లు ఉన్నాయి. రోజుకో కొత్త చోటు చూడటం కన్నా వారమంతా ఒకే ఆట నేర్చుకోవడం ఇష్టమైన పిల్లలుంటే అరూబా వాళ్ళదే. అరికోక్ నేషనల్ పార్కు దీవిలో దాదాపు అయిదో వంతు, గుహల గోడల మీద పాత ఆదివాసుల బొమ్మలు ఉన్నాయి.

డాలర్లు ఎక్కడైనా తీసుకుంటారు, కుళాయి నీళ్ళు తాగొచ్చు. ఇంకో పెద్ద సౌకర్యం, అమెరికా ఇమ్మిగ్రేషన్ అరూబా ఎయిర్‌పోర్టులోనే అయిపోతుంది. అమెరికాలో దిగాక డొమెస్టిక్ ప్రయాణికుల్లా బయటికి వచ్చేస్తారు. దానికి తగ్గట్టు అక్కడ మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టు చేరాలి.

పుంటా కానా ఆల్-ఇన్‌క్లూజివ్: నాకు అంత నచ్చదు, కానీ

మూడు నాలుగు కుటుంబాలు కలిసి వెళ్ళేటప్పుడు ఎవరు ఎంత కట్టాలన్న లెక్కల గొడవ లేకుండా తేలిగ్గా అయ్యేది ఇదే. డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా తీరమంతా వరసగా రిసార్టులు. చేతికి ఒక బ్యాండు కడతారు, తిండి, తాగుడు, ఆటలు అన్నీ అందులోనే. బఫేలో పాస్తా, సలాడ్, పళ్ళు ఉంటాయి కాబట్టి శాకాహారులు పస్తు పడుకోరు, నాలుగో రోజుకు ఆవకాయ గుర్తొస్తుంది అంతే. పిల్లలు తోటి పిల్లలతో ఉంటారు, ఆ గుంపే వాళ్ళకు వెకేషన్. గుంపు లేకుండా ఒకే కుటుంబం ఇద్దరు టీనేజర్లతో వెళ్తే గోడల మధ్య వారం గడపడం కష్టం.

బుక్ చేసేముందు రెండు అడగండి. పిల్లల రేటు ఎన్నేళ్ళ వరకు? చాలా చోట్ల పన్నెండుతో ఆగిపోతుంది, పదమూడేళ్ళ వాడికి పెద్దవాళ్ళ రేటే. టీన్ క్లబ్ ఉందా, లేక పిల్లల క్లబ్ ఒక్కటేనా? పదిహేనేళ్ళ అమ్మాయిని ముగ్గులు వేయించే క్లబ్‌కు పంపితే మీ మొహం చూడదు.

రిసార్ట్ దాటి ఒక్క రోజైనా బయటికి వెళ్ళండి. శాంటో డొమింగో పాత నగరం అమెరికా ఖండాల్లో యూరోపియన్లు కట్టి ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో మొదటిది. జనవరి నుంచి మార్చి మధ్య అయితే సమానా అఖాతానికి తిమింగలాలు వస్తాయి. దేశంలోకి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు నింపాల్సిన ఈ-టికెట్ ఫారం ప్రభుత్వ సైటులో ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు.

బార్బడోస్: ఇంట్లో క్రికెట్ పిచ్చి ఉంటే

2024 జూన్ 29న ఇండియా దక్షిణాఫ్రికాను ఏడు పరుగుల తేడాతో ఓడించి టీ20 వరల్డ్ కప్ గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్ ఇక్కడిదే. మన సిరాజ్ ఆ జట్టులో ఉన్నాడు. అమెరికాలో పెరిగినా నాన్నతో పాటు రాత్రుళ్ళు మ్యాచులు చూసే పిల్లాడు ఉంటే వేరే కారణం అక్కర్లేదు. క్రికెట్ అంటే ఆవలించే అమ్మాయికి ఇంకో కారణం ఉంది: రిహానా ఊరు ఇది. 2021 నవంబరులో దేశం రిపబ్లిక్ అయిన రోజు ఆమెను జాతీయ వీరుల్లో చేర్చారు. అప్పటికి ఆ గౌరవం ఉండి బతికున్న మరొకరు గార్‌ఫీల్డ్ సోబర్స్.

పడమటి తీరంలో నీళ్ళు ప్రశాంతం. కార్లైల్ బేలో మునిగిన ఓడల మీద, తాబేళ్ళ పక్కన స్నోర్కెలింగ్ చెయ్యొచ్చు. తూర్పున బత్‌షీబా దగ్గర అలలు చూడ్డానికే, ఈతకు కాదు. హారిసన్స్ కేవ్ అనే సున్నపురాయి గుహలోకి చిన్న ట్రామ్‌లో తీసుకెళ్తారు. ఇంగ్లీషు మాట్లాడతారు, పసుపు రంగు బస్సులు, వ్యాన్లు దీవంతా తిరుగుతాయి. పెద్ద పిల్లలు తమంతట బస్సెక్కి వెళ్ళి రాగలిగే దీవి కావాలంటే ఇదే. రోటీ షాపుల్లో బంగాళాదుంప, శనగల కూర రోటీ దొరుకుతుంది. ఖర్చు మాత్రం ఎక్కువే.

సూట్‌కేసు సర్దేటప్పుడు అబ్బాయిల బట్టలు చూడండి. బార్బడోస్‌లో మిలిటరీ మచ్చల డిజైను బట్టలు పౌరులు వేసుకోవడం నేరం, చిన్నపిల్లలకు కూడా. జమైకా, ట్రినిడాడ్‌లలోనూ అంతే.

జమైకా గురించి క్లుప్తంగా. డన్స్ రివర్ జలపాతాన్ని చేతులు పట్టుకుని ఎక్కడం పిల్లలకు బాగా నచ్చుతుంది. రస్తఫారీ మతస్థుల ఐటల్ వంట చాలావరకు శాకాహారం, కొబ్బరిపాలు, పప్పులు, కూరలు, మన నాలుకకు దగ్గర. కానీ సొంతంగా కారులో తిరగమని చెప్పను. 2025 అక్టోబరులో మెలిస్సా తుఫాను పశ్చిమ జమైకాను బాగా దెబ్బతీసింది, మీరు అనుకున్న హోటల్ ఏ స్థితిలో ఉందో కనుక్కోండి.

ట్రినిడాడ్ బీచ్ ట్రిప్ కాదు, వేరే రకం ప్రయాణం. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడలో మొదటి భారతీయ కూలీలు దిగిన దీవి అది, ఆ రోజు అక్కడ ఇప్పటికీ సెలవు. పొద్దున్నే రోడ్డు పక్కన శనగల కూర వేసి ఇచ్చే డబుల్స్ అనే చిరుతిండి తింటే పిల్లలు అడిగే ప్రశ్నలకు వారమంతా జవాబులు చెప్పాలి. బీచ్ కావాలంటే పక్కనే టొబాగో. ట్రినిడాడ్‌లో నేరాలు ఎక్కువే కాబట్టి అక్కడ తెలిసినవాళ్ళు ఉంటేనే వెళ్ళమంటాను.

గదులు, మందు, తుఫాను

నలుగురికి రెండు క్వీన్ బెడ్ల గది అని చూపిస్తారు. పదహారేళ్ళ అబ్బాయి, పదమూడేళ్ళ అమ్మాయి ఒక మంచం మీద పడుకోరు. రెండు గదులకు కలిపి అయ్యే డబ్బుతో చాలా దీవుల్లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ వస్తుంది, వంటగదితో సహా. పక్క పక్క గదులు అడిగితే మధ్యలో తలుపు ఉన్నవేనని మెయిల్‌లో రాయించుకోండి.

ఇంకో సంగతి మన ఇళ్ళలో ఎవరూ ముందు ఎత్తరు. అమెరికాలో మందు తాగే వయసు 21. పైన చెప్పిన ప్యూర్టోరికో, వర్జిన్ ఐలాండ్స్, అరూబా, పుంటా కానా, బార్బడోస్, జమైకాల్లో 18. కాలేజీ మొదటి ఏడాది పిల్లలకు ఈ సంగతి మీకన్నా ముందే తెలుసు. ఆల్-ఇన్‌క్లూజివ్‌లో చేతి బ్యాండు చూపిస్తే చాలు. మీరు ఒప్పుకుంటారో లేదో మీ ఇష్టం, ఎయిర్‌పోర్టుకు బయల్దేరక ముందే ఇంట్లో మాట్లాడుకోండి. తాగి నీళ్ళలో దిగకూడదన్నది మాత్రం ఏ ఇంట్లోనైనా బేరం లేని మాట.

ఇక ఎప్పుడు వెళ్ళాలి. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వాతావరణం బావుంటుంది, అందుకే క్రిస్మస్, స్ప్రింగ్ బ్రేక్ రేట్లు మండిపోతాయి. తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30. అసలు ఉధృతి ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు. స్కూళ్ళు మూసిన వెంటనే జూన్‌లో వెళ్తే రేటు తగ్గుతుంది, ప్రమాదం తక్కువ, అసలు లేకపోలేదు. ఆ వరల్డ్ కప్ గెలిచిన రోహిత్ సేనే బెరిల్ తుఫాను వల్ల ఎయిర్‌పోర్టు మూసేస్తే రోజుల తరబడి బార్బడోస్‌లో చిక్కుకుపోయింది, అదీ జులై రాకముందే మొదలైన తుఫాను. వేసవిలో ఇంకో చిక్కు సర్గాసమ్ అనే సముద్రపు నాచు. 2011 నుంచి దాదాపు ఏటా కుప్పలుగా తూర్పు తీరాలకు కొట్టుకొచ్చి కుళ్ళిన వాసన వేస్తోంది. పుంటా కానా తూర్పు ముఖంగా ఉంది కాబట్టి దానికి ఈ బాధ ఎక్కువ. అరూబా, బార్బడోస్‌లలో పడమటి బీచ్‌లకు తక్కువ. హోటల్ వాళ్ళ ఫోటోలు నమ్మకుండా ఆ వారం వెళ్ళినవాళ్ళు పెట్టిన ఫోటోలు చూడండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్లతో పాటే తీసుకోండి. తుఫానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుఫానుకు పనిచేయదు.